వృథా ఆల్చిప్పలతో తోట టైల్స్ పోసుకోవడం ఎలా?

ఆల్చిప్పలను దంచి, ఆ పొడిలో నీళ్లు కలిపి అచ్చులో పోశాం, వారం గడిచినా గట్టిపడలేదు, ఎక్కడ పొరపాటు జరిగింది అని అడిగేవారు చాలామంది ఉన్నారు. టైలు గట్టిపడింది కాని తడిసినప్పుడల్లా నీచు వాసన కొడుతోంది, ఏం చేయాలి అని అడిగేవారు అంతకంటే ఎక్కువమంది. మొదటివారు చిప్పను సిమెంటు అనుకున్నారు, రెండోవారు చిప్పను సరిగా కడగలేదు. ఈ రెండు విషయాలు ముందే తెలిసి ఉంటే మిగిలిన పనంతా ఓపిక మీద నడుస్తుంది.

చిప్పలో నూటికి 95 పాళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే, కాల్షియం కార్బొనేటు ఉంటుంది. సున్నపురాయిలో ఉండేదీ అదే. దాన్ని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడి మీద కాల్చినప్పుడే గుల్లసున్నం అవుతుంది. కాల్చని చిప్పను ఎంత మెత్తగా నూరినా అది ఇసుకలాంటిదే. తనంతట తాను దేన్నీ పట్టుకోలేదు. కాబట్టి మన టైలులో చిప్ప చేసేది కంకర చేసే పని, పట్టునిచ్చేది సిమెంటు. అలాగని ఇంటి పెరట్లో చిప్పలు కాల్చి సున్నం చేయాలని మాత్రం ప్రయత్నించకండి. అప్పుడే కాల్చిన సున్నానికి నీళ్లు తగిలితే సలసల కాగి చిమ్ముతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు.

ఏ చిప్పలు పనికొస్తాయి

మందంగా ఉండే ఆల్చిప్పలు అన్నిటికంటే మేలు. మందపాటి గవ్వలు, నత్తగుల్లలు కూడా బాగానే ఉంటాయి. పలుచని చిప్పలు దంచినప్పుడు రేకుల్లా విడిపోతాయి. ఆ రేకులు మాలులో, అంటే నీళ్లు పోసి కలిపిన సిమెంటు మిశ్రమంలో, అడ్డంగా పడుకుని కింద గాలిని పట్టి ఉంచుతాయి కనుక వాటిని మందపాటి చిప్పలతో కలిపి, సగానికి మించకుండా వాడుకోండి. కోడిగుడ్డు పెంకులు కూడా కాల్షియం కార్బొనేటే అయినా మరీ పలుచన, పైగా లోపలి పొర ఊడి రావడం కష్టం. వాటిని మొక్కల మట్టికి వదిలేయడమే మంచిది. పీత డొప్పలు, రొయ్యల పొట్టు అసలు వద్దు. వాటిలో కైటిన్ అనే సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉండి, టైలు లోపలే కుళ్లి ఖాళీలు మిగులుస్తుంది.

చిప్పలను వంటశాలల నుంచి, చేపల మార్కెట్ల నుంచి, ఎలాగూ చెత్తకుప్పకు చేరే చోటి నుంచి తెచ్చుకోండి. సముద్రపు ఒడ్డున ఏరుకోవద్దు. ఖాళీగా కనిపించే గుల్ల సన్యాసి పీతకు ఇల్లు, పైగా కొన్ని జాతుల గుల్లలను సేకరించడం చాలాచోట్ల నిషిద్ధం.

కావలసినవి

కింది కొలతలు 30 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల మందం ఉండే నాలుగు టైల్స్‌కు సరిపోతాయి. మొదటిసారి చేసేవారు నాలుగింటికి మించి పోయకపోవడం మంచిది, ఎందుకంటే కలిపిన మాలు మీ కోసం ఆగదు.

- కడగని చిప్పలు 8 కిలోలు. దంచి జల్లించాక సుమారు 5 లీటర్ల నలుగు, అంటే చిన్న చిప్ప ముక్కలు, మిగలాలి.
- గడ్డకట్టని తాజా సిమెంటు 5 లీటర్లు, అంటే సుమారు 7 కిలోలు.
- శుభ్రమైన నది ఇసుక గాని, కడిగిన రాతి ఇసుక గాని 10 లీటర్లు. సముద్రపు ఇసుక వద్దు.
- మంచినీళ్లు 3 నుంచి 3.5 లీటర్లు. చిప్పలు కడగడానికి కావలసిన నీళ్లు దీనికి అదనం.
- 5 మిల్లీమీటర్ల కన్నుల జల్లెడ ఒకటి, 1 మిల్లీమీటరు జల్లెడ ఒకటి.
- సుత్తి, మందపాటి గోనె సంచి, తాపీ, కలపడానికి తొట్టి, రెండు బకెట్లు, గట్టి పీచు బ్రష్షు.
- అచ్చులకు 4 సెంటీమీటర్ల ఎత్తున్న చెక్క పట్టీలు, అడుగున ప్లైవుడ్ ముక్క, మరలు, కొంచెం నూనె.
- ప్లాస్టిక్ పట్టా, పాత గోనెలు.
- రబ్బరు చేతితొడుగులు, కళ్లద్దాలు, ఎన్95 రకం మాస్కు.

చివరి వరుసను ఖర్చు తగ్గించుకునే చోటుగా చూడకండి. తడి సిమెంటు ఘాటైన క్షారం. చేతికి తగిలిన వెంటనే మంట తెలియదు, రెండు మూడు గంటల తర్వాత చర్మం పగిలినప్పుడు తెలుస్తుంది. చిప్ప పెంకు సుత్తి దెబ్బకు గాజుముక్కలా ఎగురుతుంది.

1. చిప్పలను కడగడం

నేను మొదటిసారి పోసిన ఆరు టైల్స్‌లో నాలుగు పాడైపోవడానికి కారణం ఈ పనిలో చూపిన తొందరే. చిప్పలను రెండుసార్లు నీళ్లతో జాడించి, తెల్లగా కనిపిస్తున్నాయి కదా అని దంచేశాను. మూడో రోజుకు చీమలు బారులు తీరాయి. పది రోజులకు టైలు పైపొర గోటితో గీరితే పొడిగా రాలింది. చిప్పకు అంటుకుని మిగిలిన మాంసపు పీచు వాసన తెప్పించడంతో ఆగదు, అందులోని సేంద్రియ పదార్థాలు సిమెంటు గట్టిపడటాన్ని కూడా అడ్డుకుంటాయి.

ముందుగా చిప్పలను ఒక రోజంతా మంచినీళ్లలో నానబెట్టండి. మర్నాడు ఆ నీళ్లు పారబోసి, ఒక్కొక్క చిప్పను బ్రష్షుతో రుద్దండి. రెండు చిప్పలు కలిసే కీలు దగ్గర గోధుమరంగులో రబ్బరులాంటి ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని చాకు మొనతో తప్పనిసరిగా తీసేయండి. లోపలివైపు కండరం అతుక్కున్న చోట చిన్న మచ్చలాంటి గుర్తు ఉంటుంది. పీచు మిగిలేది ఎక్కువగా అక్కడే. తర్వాత వాటిని పాత గిన్నెలో 20 నిమిషాలు మరగనిచ్చి, నీళ్లు పారబోసి, మరో రెండు రోజులు మంచినీళ్లలో ఉంచండి. రోజుకు రెండుసార్లు నీళ్లు మార్చాలి. ఈ రెండు రోజులూ ఉప్పు దిగడం కోసం. చివరగా మూడు నాలుగు రోజులు గట్టి ఎండలో పలుచగా పరిచి ఆరబెట్టండి.

మరిగించే వీలు లేనివారు ఇంట్లో వాడే బ్లీచ్ ఒక పాలుకు పది పాళ్ల నీళ్లు కలిపి, నాలుగైదు గంటలు నానబెట్టి, ఆ తర్వాత బాగా కడగవచ్చు. అయితే బ్లీచ్ ఉన్న పాత్రలో వెనిగర్ గాని, మరే ఆమ్లం గాని పొరపాటున కూడా కలపకూడదు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. వెనిగర్ ఒక్కదానితో కడగడం కూడా మంచి ఆలోచన కాదు, ఎందుకంటే అది మురికితో పాటు చిప్పనూ కరిగిస్తుంది.

శుభ్రమయ్యాయో లేదో రెండు రకాలుగా తెలుసుకోవచ్చు. గుప్పెడు ఎండిన చిప్పలను ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఒక పూట ఎండలో ఉంచి, విప్పగానే వాసన చూడండి. నీచు తగిలితే మళ్లీ మరిగించాలి. ఉప్పు సంగతి తెలియాలంటే, చివరిసారి కడిగిన నీళ్లను ఒక చెంచాడు నల్లటి పళ్లెంలో పోసి ఎండనివ్వండి. పక్కనే కడగడానికి వాడిన మంచినీళ్లను కూడా ఒక చెంచాడు ఎండబెట్టి పోల్చండి. చిప్పల నీళ్లు ఎండిన చోట తెల్లటి మరక స్పష్టంగా ఎక్కువగా ఉంటే ఉప్పు ఇంకా ఉన్నట్టే.

2. దంచడం, జల్లించడం

ఎండిన చిప్పలను గోనె సంచిలో సగం వరకే నింపి, మూతి కట్టి, కొద్దిగా నీళ్లు చిలకరించి, గట్టి నేల మీద సుత్తితో కొట్టండి. తడి వల్ల దుమ్ము లేవదు. ఎలా కొట్టినా మాస్కు, కళ్లద్దాలు తీయకూడదు. వంటకు వాడే మిక్సీలో వేయాలన్న ఆలోచన వస్తే మానుకోండి. జాడీ గీతలు పడి, బ్లేడు మొద్దుబారడం తప్ప లాభం లేదు.

దంచినదాన్ని ఆరనిచ్చి 5 మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. పైన మిగిలినదాన్ని మళ్లీ దంచాలి. కిందకు దిగినదాన్ని 1 మిల్లీమీటరు జల్లెడలో వేస్తే, పైన నిలిచేది మనకు కావలసిన నలుగు. మెత్తని పొడి కొంచెం కలిసినా నష్టం లేదు కాని ఎక్కువైతే నీళ్లు ఎక్కువ తాగుతుంది, నీళ్లు ఎక్కువైతే టైలు బలహీనపడుతుంది. ఉప్పు పూర్తిగా దిగిన చిప్పల పొడిని ఆమ్ల గుణం ఎక్కువగా ఉన్న మట్టిలో కలపవచ్చు కనుక అది వృథా కాదు.

అందంగా ఉన్న చిప్పలను పది పదిహేను దంచకుండా పక్కన పెట్టుకోండి. పైన అమర్చడానికి పనికొస్తాయి.

3. అచ్చు తయారీ

నాలుగు పట్టీలను లోపలి కొలత 30 సెంటీమీటర్లు వచ్చేలా చతురస్రంగా బిగించండి. మేకులు కాకుండా మరలు వాడితే విప్పేటప్పుడు టైలు అంచు విరగదు. రెండు కర్ణాల పొడవు, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరం, రెండువైపులా సమానంగా వస్తే అచ్చు సరిగ్గా ఉన్నట్టు. సుమారు 42.4 సెంటీమీటర్లు రావాలి. లోపల గుడ్డతో పలుచగా నూనె రాయండి. నూనె మడుగులా నిలిస్తే టైలు అడుగున గుంటలు పడతాయి.

చెక్కపని రానివారు అడుగు సమంగా ఉన్న ప్లాస్టిక్ ట్రేలు వాడుకోవచ్చు. ట్రే గోడలు పైకి పోయే కొద్దీ కొంచెం విచ్చుకుని ఉండాలి, లేకపోతే గట్టిపడిన టైలు బయటికి రాదు. కాలు పెట్టని చోట అలంకారానికైతే 2.5 సెంటీమీటర్ల మందం చాలు, నడిచే దారికి 4 సెంటీమీటర్లకు తగ్గించవద్దు.

4. ఇసుకను చూసుకోవడం

పొడవాటి గాజు సీసాలో సగం వరకు ఇసుక పోసి, మిగతా భాగం నీళ్లతో నింపి, చిటికెడు ఉప్పు వేసి, బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద మెత్తని ఒండ్రు పొర పేరుకుంటుంది. ఆ పొర ఎత్తు ఇసుక ఎత్తులో పన్నెండో వంతుకు మించితే ఇసుకను కడిగి వాడాలి. ఈ పరీక్షకు వాడిన ఇసుకను మాలులో కలపకండి, అందులో ఉప్పు ఉంది.

5. మాలు కలపడం

పాళ్లు గుర్తుంచుకోవడం సులభం: సిమెంటు ఒకటి, ఇసుక రెండు, చిప్ప నలుగు ఒకటి. అన్నీ ఒకే డబ్బాతో కొలవండి. చిప్పలు ఎక్కువగా కనిపించాలన్న ఆశతో ఇసుక తగ్గించి నలుగు పెంచేవారు ఉన్నారు. నేనూ పెంచి చూశాను. ఇసుకకు సమానంగా చిప్ప వేసిన టైలు అంచులు ముట్టుకుంటే రాలాయి. చిప్ప కనిపించాలంటే పైపొర దగ్గర జాగ్రత్త తీసుకోవాలి, లోపల నింపి ప్రయోజనం లేదు.

చిప్ప నలుగును ముందురోజు రాత్రి నీళ్లలో నానబెట్టి, పొద్దున వడకట్టి, పైతడి ఆరేవరకు నీడలో పరచండి. పొడిగా వేస్తే అది మాలులోని నీళ్లను పీల్చుకుంటుంది. అప్పటివరకు జారుగా ఉన్న మాలు అచ్చులో పోసేసరికి బిగుసుకుపోతుంది. కొత్తవారు అక్కడే మరిన్ని నీళ్లు పోసి పాడుచేసుకుంటారు.

ముందు సిమెంటు, ఇసుక పొడిగానే రంగు ఒకేలా వచ్చేవరకు కలపండి. తర్వాత నలుగు వేసి మళ్లీ కలపండి. కొలిచిన నీళ్లలో ముప్పావు వంతు పోసి కలిపి, మిగిలినవి కొంచెం కొంచెంగా చేర్చండి. నీళ్ల బరువు సిమెంటు బరువులో సగానికి మించకూడదన్నది లెక్క. ఇసుక ముందే తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, అరచేయి తడవాలి, కాని వేళ్ల సందుల నుంచి నీళ్లు కారకూడదు. కారితే ఒకటికి రెండు పాళ్లలో సిమెంటు, ఇసుక కలిపి కొద్దిగా చేర్చండి.

కలిపిన మాలును 45 నిమిషాల్లోపు పోసేయాలి. బిగుసుకోవడం మొదలైన మాలులో నీళ్లు చల్లి మళ్లీ మెత్తబరచడం పెద్ద తప్పు. చూడడానికి బాగానే ఉంటుంది, లోపల పట్టు ఉండదు.

రంగు కావాలనుకుంటే ఐరన్ ఆక్సైడ్ రంగుపొడిని సిమెంటు బరువులో 5 శాతానికి మించకుండా పొడి దశలోనే కలపండి. చిప్పల తెలుపు, గులాబీ ఛాయలు తెలియాలంటే తెల్ల సిమెంటు బాగుంటుంది.

6. అచ్చులో పోయడం

అచ్చును మట్టంగా ఉన్న చోట నీడలో పెట్టి, సగం ఎత్తు వరకు మాలు వేసి, తాపీ మొనతో మూలలదాకా కూరండి. అచ్చు పక్కలను సుత్తి పిడితో నాలుగువైపులా తట్టుతూ ఉంటే గాలి బుడగలు పైకి వస్తాయి. పెద్ద టైలు పోసేవారు ఈ సగం ఎత్తు దగ్గర గాజు పీచు జాలీ ముక్క ఒకటి పరచవచ్చు. ఇనుప జాలీ మాత్రం వద్దు. చిప్పలో ఎంత కడిగినా మిగిలే ఉప్పు ఇనుమును తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఉబ్బి టైలును లోపలి నుంచి పగలగొడుతుంది. మిగతా సగం నింపి, చెక్క బద్దను అచ్చు అంచుల మీద అటూ ఇటూ జరుపుతూ పైభాగం సమం చేయండి.

పైన నీళ్లు తేలితే వాటిని పీల్చడానికి పొడి సిమెంటు చల్లే అలవాటు కొందరికి ఉంది. ఆ పొర తర్వాత పెచ్చులుగా లేస్తుంది. నీళ్లు వాటంతట అవే ఇంకేవరకు ఆగండి.

7. పైభాగాన్ని తీర్చడం

ఇక్కడ మూడు దారులున్నాయి.

నున్నగా కావాలంటే తేలిన నీళ్లు ఇంకిన తర్వాత తాపీతో ఒకసారి పాముకుని వదిలేయండి. తడిసినప్పుడు జారుతుంది కనుక నడిచే దారికి ఇది నేను సూచించను.

నలుగు కనిపించాలంటే నాలుగు నుంచి ఆరు గంటలు ఆగి, బొటనవేలితో గట్టిగా నొక్కినా గుంట పడని స్థితిలో, మెత్తని బ్రష్షుతో పైన నీళ్లు చిలకరిస్తూ సిమెంటు పాలను తేలికగా కడిగేయండి. చిప్ప ముక్కల తలలు మాత్రం కనిపించాలి. ముక్కలే ఊడి వస్తున్నాయంటే తొందరపడ్డారని అర్థం; ఇంకో గంట ఆగండి. వాతావరణం వేడిగా ఉంటే ఈ గడువు బాగా తగ్గుతుంది, చల్లగా ఉంటే పెరుగుతుంది, అందుకే గడియారం కంటే బొటనవేలినే నమ్మండి. కడగడానికి ఆమ్లం వాడే పద్ధతి మామూలు కంకర పనిలో ఉంది కాని ఇక్కడ ఆమ్లం సిమెంటుతో పాటు చిప్పనూ తినేస్తుంది.

మూడోది, చిప్పలను పూర్తిగా పైన అమర్చడం. మాలు పోసిన అరగంట నుంచి గంట లోపు, నీళ్లు ఇంకి మాలు ఇంకా మెత్తగా ఉన్నప్పుడు చేయాలి. చిప్పను బోర్లించి ఊరికే అద్దితే ఏమవుతుందో ఒక టైలులో బాగా చూశాను. పైకి గోపురంలా ముచ్చటగా ఉన్న చిప్ప కింద గాలి మిగిలిపోయింది. ఓ రోజు మడమ దానిమీద పడగానే టప్పుమని లోపలికి కుంగి, పళ్లలాంటి అంచులతో గుంట ఒకటి మిగిలింది. అందులో వాన నీళ్లు నిలిచాయి, నీళ్లలో దోమపిల్లలు. కాబట్టి ప్రతి చిప్ప బోలును ముందు మాలుతో నిండుగా కూరి, ఆ తర్వాత బోర్లించి, సన్నగా కదుపుతూ నొక్కండి. చిప్ప ఎత్తులో మూడింట రెండు వంతులు మాలులో మునగాలి, అంచు ఎక్కడా పైకి తేలకూడదు. చిప్ప లోపలివైపు మెరిసే నునుపు పొరకు సిమెంటు సరిగా అంటదు. అమర్చే ముందు గరుకు కాగితంతో, నీళ్లలో తడుపుతూ ఆ నునుపు పోయేలా రుద్దుకుంటే పట్టు బాగుంటుంది. చెప్పులు లేకుండా నడిచే చోట ఈ పద్ధతి వద్దు, గోడవారనో కుండీల చుట్టూనో పెట్టుకోండి.

8. అచ్చు విప్పడం, నీళ్లు పట్టడం

పోయడం అయిన వెంటనే పైన తాకకుండా ప్లాస్టిక్ పట్టా కప్పండి. ఎండలో ఆరబెడితే త్వరగా గట్టిపడుతుందన్నది చాలామంది అపోహ. సిమెంటు ఆరడం వల్ల గట్టిపడదు, నీళ్లతో జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. నీళ్లు ఆవిరైపోతే ఆ చర్య మధ్యలో ఆగిపోతుంది.

24 గంటల తర్వాత మూలలో మేకుతో గీసి చూడండి. సన్నని గీత మాత్రమే పడితే మరలు విప్పవచ్చు. లోతుగా చీరుకుంటే ఇంకో రోజు ఆగండి. విప్పిన టైలును ఒకవైపు పట్టుకుని ఎత్తకండి, అడుగున ప్లైవుడ్‌తో సహా జరపండి.

ఆ తర్వాత కనీసం ఏడు రోజులు తడి ఆరకూడదు. నీటి తొట్టిలో ముంచి ఉంచడం అన్నిటికంటే సులభం. అది కుదరకపోతే తడి గోనెలు కప్పి, వాటి మీద ప్లాస్టిక్ పట్టా వేసి, రోజుకు రెండుమూడుసార్లు తడపండి. ఫ్లై యాష్ (బొగ్గు కాలిన సన్నని బూడిద) కలిసిన పోజోలానా సిమెంటు అయితే పది నుంచి పద్నాలుగు రోజులు తడపాలి. అది మెల్లగా బలం పుంజుకుంటుంది. తొట్టిలోని నీళ్లు కూడా క్షారంగా మారతాయి కనుక చేతితొడుగులు లేకుండా చేయి పెట్టవద్దు. ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపు ఉండే రోజుల్లో ఈ పని మొదలుపెట్టకండి, గట్టిపడటం దాదాపు ఆగిపోతుంది.

తడపడం ముగిశాక నీడలో ఆరనివ్వండి. సిమెంటు బలాన్ని లెక్కగట్టేది 28వ రోజున. అప్పటివరకు టైలు మీద బరువు వేయకండి.

ఫలితం చూసుకోవడం

28 రోజులు నిండాక టైలును ఒక అంచున నిలబెట్టి వేలి కణుపుతో తట్టండి. ఖంగుమంటే లోపల గుల్ల లేదు. మొద్దుగా, మూగగా మోగితే ఎక్కడో గాలి గాని పగులు గాని ఉంది. తర్వాత మేకుతో గీయండి; తెల్లటి పొడి రాలుతూ ఉంటే నీళ్లు ఎక్కువయ్యాయి లేదా తడపడం తక్కువైంది.

నీళ్లు ఎంత పీలుస్తుందో చూడడానికి వంటింటి తూకం చాలు. రెండుమూడు రోజులు బాగా ఎండిన టైలును తూచండి, ఒక రోజు నీళ్లలో ముంచి, పైతడి తుడిచి మళ్లీ తూచండి. ఎండినప్పుడు 7.5 కిలోలు, నానాక 8.1 కిలోలు ఉందనుకుంటే పెరిగింది 0.6 కిలో, అంటే 8 శాతం. చేతితో పోసిన టైలుకు ఇది ఫరవాలేదు. 10 శాతం దాటిన టైలును అలంకారానికి వాడుకోండి. మంచు గడ్డకట్టే ప్రాంతాల్లో ఉన్నవారు ఈ విషయంలో మరింత కచ్చితంగా ఉండాలి. పీల్చుకున్న నీరు లోపలే గడ్డకట్టి వ్యాకోచిస్తే టైలు పొరలు పొరలుగా ఊడిపోతుంది.

చివరిది బలపరీక్ష. రెండు చెక్క బద్దలను 25 సెంటీమీటర్ల దూరంలో నేల మీద పెట్టి, వాటి మీద టైలు ఉంచి, మధ్యలో ఒక కాలు మోపి మెల్లగా మీ బరువంతా వేయండి. బద్దల ఎత్తు 3 సెంటీమీటర్లకు మించకూడదు, అప్పుడు విరిగినా మీరు పడరు. సరిగా పోసిన 4 సెంటీమీటర్ల టైలు పెద్దవారి బరువుకు చలించదు. ప్రతి విడతలోనూ ఒక్కదాన్ని పరీక్షిస్తే చాలు.

లోపం కనిపిస్తే కారణం ఎక్కడ వెతకాలి

పైన వెంట్రుకల్లాంటి సన్నని బీటలు మొదటి రోజే వచ్చాయంటే గాలికో ఎండకో పైభాగం ముందే ఆరిపోయిందని అర్థం. పట్టా ఆలస్యంగా కప్పి ఉంటారు. కొన్ని వారాల తర్వాత తెల్లటి పూత తేలితే కంగారు పడనక్కరలేదు. లోపలి లవణాలు, సున్నం నీళ్లతో పాటు పైకి వచ్చి ఆరిన గుర్తు అది. పొడి బ్రష్షుతో దులిపేయండి, నాలుగైదు వానలకు చాలావరకు తగ్గుతుంది. తగ్గకుండా మళ్లీ మళ్లీ వస్తుంటే చిప్పల్లోనో ఇసుకలోనో ఉప్పు మిగిలింది. అంచులు రాలుతుంటే మూలల్లో మాలు కూరలేదు, లేదా అచ్చు తొందరపడి విప్పారు. నీచు వాసనకు మాత్రం పైన ఏ పూత పూసినా మందు లేదు; ఎండలో, వానలో కొన్ని నెలలు దూరంగా పడేసి ఉంచడమే మార్గం, అదీ పూర్తిగా పోతుందని చెప్పలేను.

తోటలో పరచడం

టైలు ఎంత గట్టిదైనా కింద నేల కుంగితే విరుగుతుంది. 10 నుంచి 12 సెంటీమీటర్ల లోతు తవ్వి, మట్టిని దిమ్మిసతో గట్టిగా కొట్టి, 5 సెంటీమీటర్ల కంకర, దాని మీద 3 సెంటీమీటర్ల ఇసుక పరచి మట్టం చేయండి. మీటరుకు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల వాలు ఇస్తే నీళ్లు నిలవవు. టైలుకూ టైలుకూ మధ్య ఒక సెంటీమీటరు సందు వదిలి ఇసుకతో నింపండి. పచ్చిక మధ్య వేసేటప్పుడు టైలు పైభాగం నేల మట్టానికి కొంచెం కిందికే ఉంటే గడ్డి కోసే యంత్రానికి తగలదు.

సిమెంటు, చిప్ప రెండూ చుట్టుపక్కల మట్టిలో క్షారాన్ని పెంచుతాయి కనుక అజేలియా, కమేలియా వంటి ఆమ్ల నేలను కోరే మొక్కల మొదళ్ల దగ్గర ఈ టైల్స్ పెట్టకండి. చేపల కొలను గట్టున పెట్టాలనుకుంటే ముందు రెండు మూడు వారాలు నీళ్లు మారుస్తూ నానబెట్టి, ఆ తర్వాతే వాడండి. కొత్త సిమెంటు మీద నుంచి కారిన నీరు చేపలకు ప్రాణాంతకం. తొట్టి, తాపీ కడిగిన నీళ్లను కూడా కాలువలో పారబోయవద్దు. బకెట్‌లో ఒక రోజు ఉంచితే సిమెంటు అడుగున గట్టిపడుతుంది. ఆ గడ్డను పగలగొట్టి టైల్స్ కింద కంకరలో కలిపేయవచ్చు, పైన తేటనీటిని తర్వాతి విడత పనిముట్లు కడగడానికి దాచుకోవచ్చు.

మొదటి పెద్ద వాన వెలిసిన మర్నాడు టైల్స్ మీద ఒకసారి నడవండి. కాలి కింద కదిలినదాన్ని పైకెత్తి, కింద ఇసుక కొట్టుకుపోయిన చోట నింపి, మళ్లీ మట్టం చూసి పెట్టేయండి.